చెట్టుపాల పరుపు

నవంబరు 11, సోమవారం

ఫరాకి మళ్ళీ పిల్లికూతలు వచ్చాయి. మూడేళ్ళ పిల్ల, మెడ సాచి, నోరు తెరిచి ఊపిరి లాగుతుంటే గుండెల్లో ఎవరో ఈల వేస్తున్నట్టుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని వీపు రాస్తూ కూర్చున్నాను. ఇదే పని వాళ్ళమ్మ, నా రేష్మా చేస్తే ఇట్టే తగ్గేది. నా చేతికి తగ్గదు.

రేష్మాకు డెంగీ జ్వరమని ఆటోలో తీసుకుపోయాము. తిరిగి తీసుకొచ్చింది రేష్మాను కాదు. ఇప్పటికీ ఆటో ఆగిన చప్పుడైతే లేచి నిలబడుతున్నాను.

నవంబరు 13

నరసరావుపేట పోయొచ్చాము. అల్లుడు ఫహీమ్ కూడా మాచర్ల నుంచి వచ్చాడు. ఏసీ రిపేరు పని ఉందన్నాడు కానీ వచ్చాడు.

డాక్టరమ్మ పేరు హైమావతి. పిల్ల గుండెల మీద గొట్టం పెట్టి విని, "ఇంట్లో ఏం పని చేస్తారు?" అంది. నేను నోరు తెరవకముందే ఫహీమ్ చెప్పాడు.

"దూదేకుతారు మేడం. పరుపులు కుడతారు. ఇంటెనకే మిషను."

ఆమె ఫరా జుట్టులోంచి దూదిపోగు ఒకటి తీసి బల్లమీద పెట్టింది.

"పిల్ల దేనిమీద పడుకుంటుంది?"

"పరుపు మీదేనమ్మా. వాళ్ళమ్మ పెళ్ళికి వాళ్ళ తాత ఏకి కుట్టిన పరుపు. పుట్టినింటికొచ్చినప్పుడు పడుకుంటదని మా ఇంట్లోనే ఉంచుకున్నాం" అన్నాను.

దూది పరుపు వద్దంది. దూది దిండు వద్దంది. దుమ్ము నిలవని రబ్బరు పరుపు, లేటెక్స్ అంటారంట, అది కొనమంది. మిషను ఇంటికి దూరంగా పెట్టుకోమంది. రబ్బరు పడని పిల్లలు కూడా ఉంటారంట, బుడగలతో ఆడుకుంటే ఎప్పుడైనా దద్దుర్లు వచ్చాయా అని అడిగింది. రాలేదన్నాను. బుడగ పగిలితే ఏడుస్తుందన్నాను. ఆమె నవ్వింది. మంచామే. పీల్చే మందు రాసింది.

బస్సులో ఫహీమ్ కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

"అత్తమ్మా, ఒకమాట చెప్తా, ఏమనుకోమాక. ఇంకోసారి పిల్లకి ఇట్టా అయితే మాచర్ల తీసకపోతా. మా అమ్మ చూసుకుంటది."

"మీ అమ్మకి మోకాళ్ళు లెగవ్వు. ఎట్టా చూసుద్ది?"

"ఊపిరాడని కాడ ఉండేకంటే నయమే గదా. పరుపు నేను కొంటాలే, మీకెందుకు."

పరుపు కొనిపెడతాడంట. పరుపులోళ్ళకి.

నవంబరు 14

తీసకపోతాడంట.

నవంబరు 15

మా ఆయనకు చెప్పాను. మిషను కాడ కూర్చుని దాని పళ్ళలో ఇరుక్కున్న పత్తిగింజలు ఏరుతున్నాడు. ఏరుతూనే అన్నాడు.

"ముప్పయ్యేళ్ళ నుంచి గురజాల సగం నా దూది మీద పండుకుంటంది. ఎవుడికీ రాని ఆయాసం నా మనవరాలికొచ్చిందా?"

"డాక్టరమ్మ చెప్పిందయ్యా."

"డాక్టరమ్మ యాడ పండుకుంటదో కనుక్కోలేకపోయావా?"

అప్పుడే పక్కింటి సుభాషిణి వదిన పాత పరుపు ఏకించాలని మోయించుకొచ్చింది. వాళ్ళది పత్తి సేద్యం. సంగతి విని పరుపు మీదే కూలబడింది.

"రబ్బరు పరుపేంది అమీనా, టైరు మీద పండుకున్నట్టుండదూ?"

"ఆర్గానిక్ అంట వదినా. మందులు కొట్టందంట. ఫహీమ్ ఫోన్లో బొమ్మలు పంపాడు."

"మందులు కొట్టందా! ఈ ఏడు మా చేలో కొట్టిన మందులు చూస్తే ఆ పరుపు ఇటేపే రాదు. నయం, మా పత్తి మీద పండుకునేదాన్ని నేనే ఇంకా బతికున్నా."

ఆయన నవ్వాడు. రేష్మా పోయాక ఆయన నవ్వడం ఇదే మొదలు. నాకు కోపం వచ్చింది.

నవంబరు 16

ఫహీమ్ ఫోన్. నేచురల్ అని రాసినంత మాత్రాన సరిపోదంట, మొత్తం చెట్టు రబ్బరేనా, కలిపిందా అని అడగాలంట. నేను చూస్తాలే అన్నాను. నేనే ఎంచుతానన్నాను. పిల్ల నా దగ్గర ఉండాలంటే పరుపు నేను కొన్నదే అయ్యుండాలి.

నవంబరు 18, సోమవారం

ఇప్పుడే వచ్చాము. కాళ్ళు లాగుతున్నాయి. అయినా రాస్తాను.

మాచర్ల నుంచి వచ్చే బస్సెక్కి నరసరావుపేటలో దిగాము. ఆయన, నేను, ఫరా. కొట్టు అద్దాల కొట్టు. ఆయన గుమ్మం దగ్గరే చెప్పులు విడిచాడు. ఎవరూ విడవలేదు. మళ్ళీ తొడుక్కొచ్చాడు.

కొట్లో కుర్రవాడి పేరు ప్రవీణ్ కుమార్. "రా బాబాయ్, స్ప్రింగా, ఫోమా?" అన్నాడు.

ఆయన ఒక పరుపు మీద పిడికిలి ఆనించి నొక్కి, "ఎన్ని కిలోలు పట్టింది?" అన్నాడు.

"ఏంది బాబాయ్ పట్టేది?"

"లోపల సరుకు."

"దీన్ని కిలోల్లో చెప్పరు బాబాయ్. ఇంచీలే."

"ఎన్నేళ్ళకి ఏకించాలి?"

"ఏకించటమేంది! కొన్నది కొన్నట్టే పదేళ్ళు పండుకోటమే."

"పదేళ్ళు ఇప్పకుండానా? లోపలేముందో ఎవుడు చూశాడు?"

ప్రవీణ్ కుమార్ నా వైపు చూశాడు. నేను ఫరా వైపు చూశాను. ఫరా అప్పటికే ఒక పరుపెక్కి గెంతుతోంది. ఆ పిల్లవాడు ఓర్పు కలవాడు, జిప్ లాగి చూపించాడు. తెల్లగా, తేనెపట్టులాగా నిండా చిల్లులు. చిల్లుల్లోంచి గాలి ఆడుద్దంట. కేరళలో రబ్బరు చెట్టుకు గాటు పెడితే పాలు కారతాయంట, ఆ పాలను గిలక్కొట్టి నురగ చేసి, అచ్చుల్లో పోసి ఉడికిస్తారంట.

"ఇడ్లీ" అన్నాడు ఆయన.

"అంతే అనుకో బాబాయ్."

చెట్టుపాలా అని అడిగాను. అవునమ్మా అన్నాడు. ఫరా ముక్కు ఆనించి చూసి, "పాల వాసన లేదమ్మమ్మా" అంది. నేను కూడా చూశాను. కొత్త చెప్పుల వాసన, కొంచెమే. నాలుగు రోజులు గాలికి పెడితే పోతుందన్నాడు.

రెండు చూపించాడు. ఒకటి మెత్తగా, చెయ్యి పెడితే దిగబడుతోంది. పైన నేచురల్ అని రాసుందంట. ఆయనకు అదే నచ్చింది. "ఇదీ పరుపంటే. ఇదిచ్చెయ్" అన్నాడు.

"అది కలిపింది బాబాయ్. రాసింది చిన్నక్షరాల్లో ఉంటది, చదివి చెప్తా వినండి" అని చదివాడు. ఎక్కువ పాళ్ళు కంపెనీలో తయారయిన రబ్బరేనంట. రెండోది మొత్తం చెట్టుపాలే. పై కవరు కూడా మందులు కొట్టని నూలంట. కాస్త గట్టిగా ఉంది. లోపలికి తోయదు, కింద నుంచి ఎవరో అరచెయ్యి పెట్టి ఆపినట్టు ఉంటుంది. ఖరీదు విని ఆయన ఫరాను గెంతడం ఆపమన్నాడు.

"పండుకొని చూడమ్మా. ఊరికే చెయ్యి పెడితే తెలవదు" అన్నాడు ప్రవీణ్ కుమార్.

నడుం వాల్చాను. రేష్మా పోయాక చాప మీదే పడుకుంటున్నాను. పరుపు మీద వీపు ఆనించడం ఇదే. పైన తెల్ల దీపాలు. పక్కన ఆయన, "నా కాడికి రామ్మా" అని ఫరాను పిలుస్తున్నాడు. అంతవరకే గుర్తు.

కళ్ళు మూసుకున్నాను, అంతే. లేచేసరికి ఎండ వాకిలి దాటిపోయింది. ఆయన బల్లమీద కూర్చున్నాడు, ఫరా చేతిలో బిస్కెట్టు. ప్రవీణ్ కుమార్ ఇంకెవరికో దిండ్లు చూపిస్తున్నాడు, గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"లేపకపోయావా?" అన్నాను.

"గురక పెట్టావే. ఎట్టా లేపను?"

"నేను నిద్రపోలా."

"సరేలే" అని లేచి, ప్రవీణ్ కుమార్‌తో "ఇదే" అన్నాడు.

నవంబరు 19

నిద్రపోయాను.

నిద్రలో రేష్మా రాలేదు. పోయినప్పటినుంచీ కళ్ళు మూస్తే చాలు వచ్చేది. ఏమీ మాట్లాడదు, సెలైన్ సూది గుచ్చిన చెయ్యి పట్టుకుని నిలబడుతుంది. ఆ చూపు భరించలేక లేచేదాన్ని. నిన్న రాలేదు. ఆ పరుపు మీద ఏమీ లేదు.

పరాయి కొట్లో, దీపాల కింద, బిడ్డను మర్చిపోయి గురకపెట్టి నిద్రపోయానంట. ఎవరన్నా వింటే ఏమంటారు.

నవంబరు 21

పరుపొచ్చింది. రేష్మా పరుపు చుట్టి మిషను పాకలో పెట్టాము. పోయినవాళ్ళ పక్కబట్టలు ఎవరికన్నా ఇచ్చెయ్యాలని నలభయ్యో రోజే అందరూ చెప్పారు. ఇస్తాలే.

నవంబరు 24, ఆదివారం

ఫరాకు ఊపిరి తేలికగా ఉంది. రోజూ పక్కన చేరి వింటున్నాను. ఈల లేదు. ఫహీమ్ వచ్చి చూసి, "బాగానే ఎంచావత్తమ్మా" అని, పరుపు మీద కూర్చుని, పిల్లతో కలిసి అన్నం తిని పోయాడు. మాచర్ల మాట ఎత్తలేదు.

అంతా బాగుంది. అంతా బాగుంటే నాకెందుకు కాలు నిలవడం లేదు? వాకిలి ఊడ్చిందే ఊడుస్తున్నాను.

నవంబరు 25

ఫరా అడిగింది.

"ఇది ఎవరి పరుపు?"

"నీదే."

"అమ్మది కాదా?"

"కాదు."

"అమ్మది ఏది?"

ఏం చెప్పాలి.

నవంబరు 26

పిల్ల అడిగింది కాబట్టే చేశాను.

మా ఇళ్ళల్లో కొత్త పరుపు కుడితే పాతదాంట్లోంచి ఒక్క పిడికెడన్నా దూది తీసి వేస్తారు. మా అత్త వేసేది. పాత నిద్ర కొత్త పరుపుకి తెలియాలనేది. రేష్మా పరుపులో నా పెళ్ళి పరుపు దూది ఉంది, నా పరుపులో మా అత్తది ఉంది. ఇన్నాళ్ళ వరసలో ఈ పిల్ల ఒక్కదాని పరుపే ఉత్తదిగా ఉండాలా?

ఆయన బజారుకు పోయినప్పుడు పాకలోకి వెళ్ళి, రేష్మా పరుపు మూల కుట్టు విప్పాను. ఇంట్లోకొచ్చి కొత్త పరుపు జిప్ తీసి, లోపల ఇంకో పలచని గలీబు ఉంటే దాని కుట్టు కూడా విప్పి, రేష్మా దూది తలవైపు వేసి మళ్ళీ కుట్టాను. నా కుట్టు కంపెనీ కుట్టుకంటే బాగుంది.

ఒక్క పిడికెడే.

నవంబరు 27

ఒకచోటే వేస్తే గడ్డగా తగులుతోంది. పిల్ల మెడకు ఇబ్బంది. మిగతా చోట్ల కూడా కొంచెం కొంచెం వేసి సమంగా పరిచాను. పరుపు పనిలో ఎత్తుపల్లాలు ఉండకూడదు.

నేను కూడా పిల్ల పక్కన పడుకున్నాను. రేష్మా వచ్చింది.

నవంబరు 29

ఫరా దగ్గుతోంది. చలి మొదలైంది కదా.

నవంబరు 30

పిల్లికూతలు. మందు పీల్పించాము, తగ్గింది. మళ్ళీ వచ్చింది. రబ్బరు వాసన పడలేదేమో. మిరపతోటల మీద మందు కొడుతున్నారు, ఆ గాలేమో. ఆయన పరుపు మీద చెయ్యి వేసి, "ఎత్తు పెరిగిందేందే?" అన్నాడు. "కొత్తది గదా, పొంగింది" అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. చెయ్యి తీసేశాడు.

డిసెంబరు 1, ఆదివారం

ఫహీమ్ వచ్చాడు. పిల్ల ఊపిరి విన్నాడు. కూర్చోలేదు.

"శుక్రవారం దాకా చూస్తా మామా. అప్పటికి తగ్గకపోతే తీసకపోతా."

"మిషను ఆపేస్తా" అన్నాడు ఆయన.

"పని ఎట్టా మరి?"

"ఎట్టో అట్టా. ఆపేస్తా."

సుభాషిణి వదిన పరుపు ఏకకుండానే తిప్పి పంపాడు. మిషను మీద పట్టా కప్పి తాడు కట్టాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

డిసెంబరు 3

మిషను చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోతే పిల్ల ఊపిరి ఇల్లంతా వినపడుతోంది.

జిప్ దాకా చెయ్యి పోయింది. ఫరా బోర్లా పడుకుని ముక్కు పరుపుకి ఆనించి ఉంది. దానికి వాళ్ళమ్మ వాసన తెలుస్తోంది. అందుకే అట్లా పడుకుంది. లేకపోతే ఎందుకు పడుకుంటుంది? రేపు తీస్తాను.

డిసెంబరు 4

తియ్యలేదు.

డిసెంబరు 5

పిల్ల సర్దుకుంటుంది. కొత్తలో ఎవరికైనా ఇట్లాగే ఉంటుంది. మేమంతా దూదిలో పుట్టి పెరగలేదా?

డిసెంబరు 6, శుక్రవారం

రాయలేను కానీ రాస్తాను.

ఫహీమ్ నమాజు అయ్యాక ఆటో మాట్లాడుకుని వచ్చాడు. కోపంగా లేడు, అదే భయం వేసింది. ఫరా గౌన్లు, మందు పీల్చే గొట్టం, బొమ్మ అన్నీ నేనే సంచిలో పెట్టాను. ఏడవలేదు. ఫరా చెప్పులు తొడుక్కుని మురిసిపోతోంది, ఆటో ఎక్కడమంటే దానికి ఇష్టం.

అప్పుడు ఫహీమ్ అన్నాడు. "పరుపు కూడా వేసకపోతా అత్తమ్మా. మా ఇంట్లో ఉండయ్యన్నీ దూదియ్యే."

"వేసకపో నాయనా" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. రేష్మా కూడా పిల్లతో పాటే మొగుడింటికి పోతుందిలే అనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను. ఆయనా, ఫహీమూ కలిసి పరుపు చుట్టి, తాడు కట్టి, ఆటో వెనకసీట్లో దోపారు. పక్కన ఫరాను కూర్చోబెట్టారు. సుభాషిణి వదిన వాకిట్లోకి వచ్చి, "పోయిరా తల్లీ" అంటూ కళ్ళు తుడుచుకుంటోంది. ఫరా ఆ చుట్టకు చెంప ఆనించి నా వైపు చెయ్యి ఊపింది. నోరు తెరిచే ఉంది. అంత దూరంలో నిలబడిన నాకు ఈల వినపడింది.

ఇక్కడుంటే నా కళ్ళముందు ఆ ఈల. అక్కడ ఎవరికీ తెలియదు. మిషను లేని ఇంట్లో, కొత్త పరుపు మీద, పిల్లకు ఎందుకు తగ్గడం లేదో ఎవరికీ తెలియదు.

"ఆపు" అని అరిచాను.

ఆటో ఇంకా కదల్లేదు. అయినా అరిచాను. పిల్లను లాగి వదిన చేతిలో పెట్టి, "దూరంగా తీసకపో, మీ ఇంట్లోకి తీసకపో" అన్నాను. పరుపును కిందికి లాగాను, తాడు పళ్ళతో కొరికాను, జిప్ తీశాను. నా కుట్టు నేనే తెంపాను.

దూది వచ్చింది. పిడికెడు అనుకున్నాను. వస్తూనే ఉంది. ఇంత ఎప్పుడు వేశానో నాకే తెలియలేదు. రోడ్డు మీద కుప్పపడింది. గాలికి కొంత ఎగిరి ఆటోవాడి కాళ్ళకు చుట్టుకుంది.

"ఏందిది?" అన్నాడు ఫహీమ్.

"రేష్మా పరుపులోది. నేనే వేశా. మిషను కాదు, రబ్బరు కాదు. నేనే."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను. గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నా బిడ్డ చచ్చిపోయేదత్తమ్మా" అన్నాడు. గొంతు పైకి లేవలేదు. "ఒకదాన్ని మట్టిలో పెట్టి వచ్చా గదా. ఇంకోదాన్ని కూడానా?"

ఆయన దూది పోగు చేస్తూ, తలెత్తకుండా, "నాక్కూడా తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు మామా?"

"చెయ్యి వెయ్యగానే తెలవదంట్రా నాకు? ఎంత దూదో కూడా చెప్తా. తీసెయ్యమని అనబుద్ధి కాలా. మిషను ఆపితే చాల్లే అనుకున్నా. ఆమెనొక్కదాన్నే అనమాక."

ఫహీమ్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత లేచి, లోపలి గలీబు విప్పి, చిల్లుల్లో ఇరుక్కున్న పోగులు కూడా ఒక్కొక్కటే లాగి, పరుపును గోడకేసి దులిపాడు. నేను చెయ్యి వెయ్యబోతే, "నువ్వు ఉండు" అన్నాడు. ఆయన్ను వెయ్యనిచ్చాడు.

నేను దూరంగా నిలబడి చెప్పాను. దుప్పటి వేడినీళ్ళలో ఉతకాలి, మీ అమ్మను ఊడ్చేటప్పుడు పిల్లను బయటికి పంపమను, పక్కన దూది దిండు పెట్టనీయమాక, ఎడమవైపు తిప్పి పండుకోబెట్టు, మందు పీల్చాక నోరు పుక్కిలించాలి, మర్చిపోద్ది, నువ్వే గుర్తు చెయ్యి. డాక్టరమ్మ చెప్పినవన్నీ చెప్పాను. అన్నీ నాకు ముందు నుంచీ తెలుసు.

పోయేముందు ఫహీమ్ అన్నాడు. "మిషను ఇంట్లోంచి తియ్యండి. ఇల్లంతా కడగండి. అప్పుడు ఫోన్ చెయ్యండి, ఆదివారాలు తీసుకొస్తా. పండుకోటానికి మాత్రం ఉంచను."

సరేనన్నాను.

డిసెంబరు 8

సుభాషిణి వదిన వాళ్ళ చేలో మోటారు పాక ఖాళీగా ఉంది. మిషను అక్కడ పెట్టుకోమంది. "అద్దె బదులు నా పరుపు ఏకిస్తే చాల్లే" అంది. ఆమె నన్ను ఏమీ అడగలేదు. రోజూ మూడుసార్లు వచ్చి కూర్చుని పోతోంది.

ఆయన రేష్మా దూది మూట కట్టాడు. ట్రాక్టరులో మిషను పక్కన వేస్తూ నా వైపు చూశాడు. వెయ్యమన్నాను.

డిసెంబరు 9

గోడలు కడిగాను. దూలాల మీద దూది. చూరులో దూది. అల్లా, ఈ ఇంట్లో ఎంత దూది. తెల్లారి చూస్తే కడిగినచోట మళ్ళీ ఉంది.

డిసెంబరు 11

మధ్యాహ్నం ఫహీమ్ ఫోన్ చేశాడు. నేను చేయలేదు, అతనే చేశాడు.

"పండుకుంది అత్తమ్మా."

"దేనిమీద?"

"దానిమీదే."

"దగ్గు?"

"నిన్న కొంచెం. ఇయ్యాల లేదు."

ఎవరి పక్కన పడుకుంది అని అడగలేదు. అడగాలనిపించింది. అతను, "ఇను" అన్నాడు. ఫోను పిల్ల మొహం దగ్గర పెట్టినట్టున్నాడు. అక్కడ వీధిలో ఎవరో మైకులో ఉల్లిపాయలు అమ్ముకుంటూ పోతున్నారు. ఆ కేక దూరమైంది. వియ్యపురాలు గిన్నె ఏదో పెట్టిన చప్పుడు. తర్వాత అదీ లేదు. ఈల కోసం ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"ఇనపడతందా?" అన్నాడు ఫహీమ్, దూరం నుంచి.

లేదన్నాను. ఇంకాసేపు అట్లాగే ఉంచమన్నాను.